ఈ గోల్ఫ్‌కి కర్ర అక్కర్లేదు!

పార్కులో నడకదారికి కాస్త దూరంగా ఓ ఇనుప స్తంభం. నడుము ఎత్తులో దానికో బుట్ట. బుట్టపైన చుట్టూ వేలాడే గొలుసులు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, సాయంత్రం అలా నడకకు బయల్దేరిన మన పెద్దవాళ్లకు అదేంటో ఓ పట్టాన అర్థంకాదు. చెత్తబుట్ట అనుకుందామంటే అడుగున అన్నీ కన్నాలే! ‘ఏంట్రా అబ్బాయ్ ఇది?’ అని అడిగేలోపే ఎక్కణ్నుంచో ఓ ప్లాస్టిక్ పళ్లెం రివ్వున ఎగిరొచ్చి, గొలుసులకు తగిలి, గలగలమంటూ బుట్టలో పడుతుంది. దూరంగా చప్పట్లు.

అదే... డిస్క్ గోల్ఫ్!

గోల్ఫ్ అనగానే డబ్బున్నవాళ్ల ఆట అనిపిస్తుంది. నిజమే మరి. 18 గుంతల మైదానానికి మామూలుగా వందెకరాలకు పైనే స్థలం కావాలి. నున్నటి పచ్చిక పెంచాలి, దానికి నీళ్లు పెట్టాలి. క్లబ్బులో సభ్యత్వం, సంచినిండా కర్రలు... ఈ ఆటకు అవేవీ అక్కర్లేదు. చెట్లూ గుట్టలూ ఉన్న మామూలు పార్కే మైదానం. చాలాచోట్ల రుసుం కూడా ఉండదు. పది, ఇరవై డాలర్లకు దొరికే డిస్క్ ఒక్కటుంటే చాలు, తాతా మనవడూ కలిసి ఆడేయొచ్చు. చిన్న పార్కుల్లో అయితే తొమ్మిది బుట్టలే ఉంటాయి. యాభై, అరవై మీటర్లకొకటి. గంటలోపే ఆట పూర్తయిపోతుంది.

పెంకు విసిరినట్టే...

చిన్నప్పుడు చెరువులోకి చిల్లపెంకు విసిరి కప్పగంతులు వేయించినవాళ్లకి ఇందులో కిటుకు తొందరగానే పట్టుబడుతుంది. బలంగా విసరడం కాదు, గిర్రున తిరిగేలా వదలడం ముఖ్యం. ఎంత బాగా తిరిగితే డిస్క్ అంత నిలకడగా వెళ్తుంది. ముందు అంచు పైకి లేచిందంటే మాత్రం గాల్లోకి ఎగిరి, దూరం పోకుండా అక్కడే కూలబడుతుంది. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఇదే.

కుడిచేత్తో ఒంటికి అడ్డంగా విసిరితే వేగం తగ్గేటప్పుడు డిస్క్ ఎడమవైపు వాలుతుంది. ఆ వంపును ముందే లెక్కేసుకుని చెట్టు చుట్టూ తిప్పి పంపడమే నేర్పు. దూరానికి ఒక రకం, మధ్యదూరానికి ఒకటి, బుట్ట దగ్గర ఇంకొకటి... ఇలా డిస్కుల్లో రకాలున్నాయి. చిన్న కోర్సుకు మాత్రం చివరిదైన ‘పటర్’ ఒక్కటే సరిపోతుంది.

లెక్క కూడా సులువే. గచ్చు మీద నిలబడి మొదటిసారి విసరాలి. డిస్క్ ఎక్కడ ఆగితే అక్కణ్నుంచే రెండోసారి. బుట్టకు ఎక్కువ దూరంలో ఉన్నవాళ్లది ముందు వంతు. గీత దాటి రోడ్డు మీదో నీళ్లలోనో పడితే ఒక విసురు అదనంగా కలుపుతారు. తొమ్మిది బుట్టలూ అయ్యేసరికి ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్లే విజేత. డిస్క్ బుట్టలో పడాలి, లేదా గొలుసుల్లో చిక్కుకోవాలి. బుట్ట పైకప్పు మీద కూర్చుంటే లెక్కలోకి రాదు!

కేకు రేకుతో మొదలు

1930ల్లో ఫ్రెడ్ మోరిసన్ అనే కుర్రాడు కాలిఫోర్నియా సముద్రతీరంలో స్నేహితురాలితో కలిసి కేకు రేకు విసురుకుంటూ ఆడుతుంటే, చూసినవాళ్లెవరో ‘పావు డాలరిస్తాం, అమ్ముతావా?’ అన్నారట. కొట్లో దాని ధర ఐదు సెంట్లే. ఆ లాభం చూసి మోరిసన్‌కు ఆలోచన తట్టింది. తర్వాత ఆయన ప్లాస్టిక్‌తో చేసిన పళ్లేన్ని వామ్-ఓ అనే బొమ్మల కంపెనీ తీసుకుని 1957లో ‘ఫ్రిస్బీ’గా పేరు మార్చింది. అదే కంపెనీలో చేరిన ఎడ్ హెడ్రిక్ దాని పైభాగంలో సన్నటి వలయాలు చేర్చి, గాల్లో నిలకడగా ఎగిరేలా తీర్చిదిద్దాడు. 1967లో పేటెంటూ పొందాడు.

డిస్క్ గోల్ఫ్ పితామహుడిగా పేరొచ్చింది ఈ హెడ్రిక్‌కే. 1975లో లాస్ ఏంజెలెస్ దగ్గరున్న ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు ఆయన చొరవతోనే వెలిసింది. అప్పట్లో బుట్టల్లేవు, ఉత్త స్తంభాలే. దాంతో గల్లీ క్రికెట్లోలాగా ‘తగిలింది’, ‘తగల్లేదు’ అంటూ ఒకటే గొడవ. ఆ తగువు తీర్చడానికే హెడ్రిక్ గొలుసుల బుట్ట తయారుచేశాడు. గొలుసు డిస్క్ వేగాన్ని మింగేస్తుంది, బుట్ట పట్టుకుంటుంది. ఇక వాదనకు తావేదీ!

ఇప్పుడా ఆట చాలా దూరం వెళ్లింది. 2021లో అమెరికా ఆటగాడు పాల్ మెక్‌బెత్‌తో ఓ డిస్కుల కంపెనీ పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకుంది. మహిళల ప్రపంచ కిరీటాన్ని 2022, 2023ల్లో వరసగా గెలిచింది చిన్న దేశమైన ఎస్తోనియాకు చెందిన క్రిస్టిన్ తట్టార్.

పార్కు అందరిదీ!

పెద్ద పోటీల సంగతి అలా ఉంచితే, వీధి చివరి చిన్న పార్కులోనే ఈ ఆటకు అసలు పరీక్ష. అక్కడ ఆడేవాళ్లతోపాటు నడిచేవాళ్లుంటారు, ఉయ్యాల ఊగే పిల్లలుంటారు, బెంచీ మీద కునికే తాతలుంటారు. డిస్క్ మెత్తటిదేం కాదు, వేగంగా తగిలితే గాయమవుతుంది. పదేపదే తగిలితే చెట్ల బెరడు లేచిపోతుంది. జనం అదేపనిగా నడిచే చోట నేల గట్టిపడి గడ్డి మొలవదు. ‘ఉన్న కాస్త జాగానూ వీళ్లే ఆక్రమిస్తే ఎలా?’ అని చుట్టుపక్కలవాళ్లు అడిగితే తప్పేం లేదు.

అందుకే జాగ్రత్తగా వేసిన కోర్సులో బుట్టల్ని నడకదారికీ ఆటస్థలానికీ దూరంగా పెడతారు. నేల కోలుకునేందుకు అప్పుడప్పుడూ చోటు మారుస్తుంటారు. స్థలం చాలకపోతే బుట్టల సంఖ్యే తగ్గించుకుంటారు. ఇక ఆటగాళ్లు పాటించాల్సిన మొదటి మర్యాద... ఎవరైనా అడ్డుగా వస్తే ఆగడం. చంటిబిడ్డను బండిలో తోసుకుంటూ ఓ తల్లి నెమ్మదిగా వెళ్తోందా, ఆమె దాటేదాకా డిస్క్ చేతిలోనే ఉండాలి. ఎంత పోటీలో ఉన్నా సరే. ఆ ఓపిక ఉన్నచోట ఆట నిలుస్తుంది, లేనిచోట బుట్టలు పీకేయమని ఫిర్యాదులొస్తాయి.

ఇంకో మంచి అలవాటూ ఉంది. చాలామంది డిస్క్ వెనక పేరూ ఫోన్ నంబరూ రాసుకుంటారు. పొదల్లో పోయిన డిస్క్ ఎవరికైనా దొరికితే ఫోన్ చేసి మరీ అప్పగిస్తుంటారు.

అన్నట్టు, 2002లో 78 ఏళ్ల వయసులో కన్నుమూసిన హెడ్రిక్ కూడా ఈ ఆటను వదల్లేదు. ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు చేయించారు. ఇంటివాళ్లకూ స్నేహితులకూ ఇచ్చారు. రుసుం లేని ఆటను పార్కుకు తెచ్చిన పెద్దాయన చివరికి తానే ఓ డిస్కయిపోయాడన్నమాట!