ఫైబర్ పని: రెజిన్ కలపక ముందే చేయాల్సిన శుభ్రత

జహీరాబాద్: పగిలిన బానెట్‌కో, ఆటో టాప్‌కో ఫైబర్ మ్యాట్ వేసి రెజిన్ పూస్తారు. పని చేసిన రోజు రాయిలా ఉంటుంది. నెల తిరక్కముందే అంచు దగ్గర పొర లేస్తుంది, గోటితో లాగితే మొత్తం ఊడొస్తుంది. గిరాకీ గొడవకొస్తాడు. "రెజిన్ నకిలీది భాయ్" అని తప్పించుకోవడం సులువే. కానీ చాలాసార్లు అసలు కారణం కింద మిగిలిపోయిన నూనె, దుమ్ము, తేమ.

రెజిన్ తాను తాకిన దాన్నే పట్టుకుంటుంది. మధ్యలో సన్నటి నూనె పొర ఉంటే ఆ నూనెకే అంటుకుంటుంది. జహీరాబాద్ ఎర్రమట్టి, 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు లేపే దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున తుడిచి పెట్టిన బానెట్, జుమ్మాకు వెళ్లొచ్చేసరికి మళ్లీ ఎర్రగా ఉంటుంది. తుడిచిన వెంటనే పని మొదలుపెట్టాలి. లేదా శుభ్రమైన ప్లాస్టిక్ షీట్ కప్పి వెళ్లాలి.

ఎక్కువమంది తప్పు చేసేది వరసలో. ముందు సాన పేపర్ పట్టి, తర్వాత తుడుస్తారు. అప్పటికే గ్రీజు ఆ గీతల్లోకి దిగిపోయి ఉంటుంది. ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తర్వాత అసిటోన్ తడిపిన తెల్ల నూలు గుడ్డతో తుడవాలి, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో అటూ ఇటూ రుద్దితే మురికి చోటు మారుతుంది, పోదు. ఆ తర్వాతే 80 నంబరు పేపర్ పట్టి, పొడి దులిపి, మళ్లీ ఒకసారి తుడవాలి. కిరోసిన్ వద్దు, అది ఆరినా జిడ్డు వదులుతుంది. కంప్రెసర్ గాలితో దులిపేవాళ్లు కూడా చూసుకోవాలి. ఫిల్టర్ లేకపోతే ఆ గాలిలోనే నూనె, నీళ్లు వస్తాయి.

శుభ్రమైందో లేదో తెలియడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇనుము మీద గానీ, పాత ఫైబర్ మీద గానీ కాస్త నీళ్లు చల్లండి. పల్చగా పరుచుకుంటే సరే. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. పరీక్ష అయ్యాక పూర్తిగా ఆరనివ్వాలి.

తర్వాత చేయి పెట్టకూడదు. తలకు నూనె రాసుకుని అదే చేత్తో అంచు సరిచేస్తే అంతవరకు పడ్డ శ్రమ దండగ. మ్యాట్ చుట్టను కూడా నేల మీద పడేయొద్దు. వానాకాలంలో తేమ పట్టిన మ్యాట్‌లో రెజిన్ సరిగ్గా ఇంకదు, అక్కడక్కడా తెల్లబడుతుంది.

కొన్ని ప్లాస్టిక్‌లు ఎంత తుడిచినా లొంగవు. ఇంటి మీద నల్ల నీళ్ల ట్యాంకు పాలిథిలిన్, చాలా కార్ల బంపర్లు పాలీప్రొపిలిన్. బంపర్ లోపలి వైపు 'పీపీ' అక్షరాలు చూసి పని ఒప్పుకోవడం మంచిది. గుల్‌మర్గ్ మంచు మీద జారే స్కీలను ఇంట్లోనే చేసుకునేవాళ్లకు విదేశాల్లో ఇదే తిప్పలు. స్కీ అడుగు పొర కూడా ఒకరకం పాలిథిలినే. దాన్ని గరుకు చేసి, మంటను వేగంగా పైనుంచి తిప్పితే గానీ జిగురు పట్టదు. పక్కన బిగించే స్టీలు అంచుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉండొచ్చు, దాన్నీ తుడవాల్సిందే.

లెక్క చూస్తే, ఒక్క పని తిరిగొస్తే చాలు, మొదటిసారి మిగిలిన లాభం కొత్త మ్యాట్, రెజిన్‌కే పోతుంది. రెండోసారి కూలీ ఎవరూ ఇవ్వరు. దానిముందు అరగంట తుడవడం, నాలుగు గుడ్డలు ఏపాటి ఖర్చు?

అయితే అసిటోన్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ఇంటి వెనక షెడ్డులో పని చేసేవాళ్లు పొయ్యి, బీడీ దగ్గర లేకుండా, తలుపులు తెరిచి వాడాలి. తడి గుడ్డలను గదిలో కుప్ప వేయకుండా, పిల్లలకు అందని చోట బయట ఆరవేయాలి. పని అయ్యాక చేతులకు అంటిన రెజిన్‌ను అసిటోన్‌తో కడిగే అలవాటు కూడా మానాలి. గ్లవ్స్ వేసుకుంటే ఆ అవసరమే రాదు.