మ్యూజియం చెప్పవలసిన సాక్ష్యం

హైదరాబాదు ప్రాంతంలో పాతతరం వారు మ్యూజియంను 'అజాయబ్ ఘర్' అనేవారు. అంటే వింతల ఇల్లు అని అర్థం. సెలవురోజున పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి, కత్తులూ నాణాలూ విగ్రహాలూ చూసి తిరిగివచ్చే చోటుగానే చాలామంది దానిని భావిస్తారు. కాని మ్యూజియం వింతల ఇల్లు మాత్రమే కాదు, గతానికి అదొక సాక్షి. సాక్షి అన్నప్పుడు వెంటనే ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఆ సాక్షి జరిగినదంతా చెబుతోందా, లేక కొందరికి ఇష్టమైనంత వరకే చెబుతోందా? సమాజంలో మార్పు తేగల శక్తి మ్యూజియానికి ఉందా లేదా అన్నది ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో, పత్తిచేల, మిరపతోటల నడుమనే ఇందుకు తగిన ఉదాహరణలున్నాయి.

అమరావతి రాళ్ళు

కృష్ణానది దక్షిణపుటొడ్డున, ధరణికోట పక్కనున్న అమరావతి మహాస్తూపం క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో వైభవం పొందింది. ధాన్యకటకంలోని రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్లు శ్రీలంకలోని గడలాదెనియ శాసనం చెబుతోంది. ఆ శాసనం 1344 నాటిది. అంటే పద్నాలుగో శతాబ్దం వరకు అక్కడ బౌద్ధుల ఆరాధన సాగిందన్నమాట. ఆ తరువాత స్తూపం మట్టిదిబ్బగా మారింది. జనం దానిని దీపాలదిన్నె అన్నారు.

1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చి, కొత్త పట్టణం కట్టించాడు. కట్టడాలకు రాయి కావలసివచ్చింది. దిబ్బను తవ్వితే చెక్కడపు పనిగల సున్నపురాతి పలకలు దొరికాయి. కొన్ని కోనేటి మెట్లకూ, కొన్ని భవనాలకూ పోయాయి. కొన్నింటిని సున్నం కోసం కాల్చివేశారు. 1797లో కాలిన్ మెకంజీ ఆ చోటు చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించాడు. తరువాత కనిపించకుండాపోయిన పలకలు ఎన్నో ఆ చిత్రాల వల్లనే నేడు తెలుస్తున్నాయి.

1845లో గుంటూరులో అధికారిగా ఉన్న వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, కొన్నేళ్ళపాటు ఎండకూ వానకూ ఆరుబయట పడివున్నాయి. 1859లో వాటిలో వందకు పైగా పలకలను ఓడ మీద లండన్‌కు పంపారు. అక్కడ కూడా అవి మరుగునపడివుంటే 1867లో జేమ్స్ ఫెర్గూసన్ ఒక బండ్లశాలలో కనుగొన్నాడు. చివరకు 1880 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. సరిగ్గా అదే 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఆజ్ఞపై స్తూపస్థలాన్నంతా తవ్వి శుభ్రపరిచారు. దానితో స్తూపం ఎలా కట్టారో తెలిపే ఆనవాళ్ళు చాలావరకు చెరిగిపోయాయి. రాళ్ళను కాపాడామని చెప్పుకున్న చేతులే ఆ రాళ్ళు నిలిచిన చోటును పాడుచేశాయి.

తప్పించుకోరాని మాట

ఇక ముస్లిం పాఠకుడు చూసీ చూడనట్లు దాటిపోకూడని విషయం ఒకటుంది. అమరావతి ముస్లింలు తమ మసీదు మరమ్మతుకు ఈ పలకలను వాడుకున్నారనీ, వాడే ముందు వాటి మీది బొమ్మలను గట్టిరాళ్ళతో రుద్ది చెరిపివేశారనీ నాటి ఆంగ్లేయుల నివేదికల్లో ఉంది.

ఈ మాట విన్నప్పుడు రెండు రకాల ప్రతిస్పందనలు సహజంగా కలుగుతాయి. మొదటిది, దీనిని దాచివేయడం. పరాయి పాలకులు వ్రాసినదే కదా అని కొట్టిపారేయడం. రెండవది, ఈ ఒక్క వాక్యాన్నే పట్టుకొని స్తూపం నాశనానికి ముస్లింలే కారకులని ప్రచారం చేయడం. రెండూ సత్యానికి దూరమే. జమీందారు మేస్త్రీలకూ, మసీదు మరమ్మతు చేసినవారికీ, సున్నం కాల్చినవారికీ ఆ దిబ్బ చేతికందిన రాతిగని మాత్రమే. అయితే బొమ్మలను రుద్ది చెరపడంలో రాతి అవసరం ఒక్కటే కాక వేరొక ఉద్దేశం కూడా ఉంది. ఆ మాట కూడా ఒప్పుకోవలసిందే. న్యాయం కోసం సాక్ష్యం చెప్పేటప్పుడు అది స్వయంగా తమకూ, తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా వెనుదీయరాదని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 135వ ఆయతులో ఆదేశిస్తుంది. ఆ ఆదేశం న్యాయస్థానానికే పరిమితమని ఎవరూ చెప్పలేరు. చరిత్రకూ అది వర్తిస్తుంది.

విగ్రహారాధనను నిరాకరించే ముస్లిం బౌద్ధ శిల్పాల రక్షణ కోరడమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. ఒక వస్తువును సాక్ష్యంగా భద్రపరచడం వేరు, దానిని పూజించడం వేరు. ఏడవ శతాబ్దంలో ఈజిప్టు ముస్లింల ఏలుబడిలోకి వచ్చింది. ఫారోల నాటి మహాప్రతిమలు ఎన్నో నేటికీ అక్కడ నిలిచే ఉన్నాయి. 2001లో బామియాన్ బుద్ధ విగ్రహాల కూల్చివేతను ఆపమని కోరడానికి ఈజిప్టు ముఫ్తీతో సహా ఉలమాల బృందమొకటి కందహార్‌కు వెళ్ళింది. వారి మాట చెల్లలేదు. కాని ఆ మాట అన్నవారు ఉలమాలే అన్నది మరువరాదు. భూమిలో సంచరించి పూర్వజాతుల పర్యవసానాన్ని చూడమని ఖుర్‌ఆన్ పలుమార్లు చెబుతుంది. చూడడానికి ఆనవాళ్ళు మిగలాలి కదా!

వ్రాసిపెట్టిన దాని బలం

పూర్తి వివరం వ్రాసిపెట్టడం వల్ల కలిగే మేలు ఏమిటో ప్రకాశం ప్రాంతంలోని చందవరం తెలియజేస్తుంది. గుండ్లకమ్మ నది సమీపంలో, దొనకొండకు దగ్గరలో ఉన్న ఈ బౌద్ధ స్థలంలో 1970లలో తవ్వకాలు జరిగాయి. అక్కడి శిల్పమొకటి దొంగల చేతుల మీదుగా దేశం దాటింది. ఆస్ట్రేలియా జాతీయ కళాశాల దానిని 2005లో న్యూయార్కు వ్యాపారి వద్ద కొన్నది. ఆ శిల్పం ఎక్కడిదో తేలిన తరువాత 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చివేసింది. వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది అన్న లెక్క ఉంటేనే దొంగసొత్తు దొరుకుతుంది. పేరు, శతాబ్దం, రాతిరకం మాత్రమే వ్రాసిన పలక ఈ పని చేయలేదు.

చరిత్ర పూర్తిగా చెప్పడం వల్ల పోయిన వస్తువులే కాదు, మనుషుల హక్కులు కూడా తిరిగివస్తాయనడానికి దక్షిణాఫ్రికాలో ఒక నిదర్శనముంది. కేప్‌టౌన్ నగరంలో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటలో ముస్లింలూ, క్రైస్తవులూ, యూదులూ కలిసి బ్రతికేవారు. 1966లో ప్రభుత్వం దానిని తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, అరవై వేలకు పైగా జనాన్ని వెళ్ళగొట్టి, ఇళ్ళను నేలమట్టం చేసింది. మసీదులూ చర్చీలూ మాత్రం మిగిలాయి. 1994లో అక్కడొక పాత చర్చి భవనంలో మ్యూజియం తెరిచారు. నేల మీద ఆ పేట పటం పరిచారు. వెళ్ళగొట్టబడినవారు వచ్చి తమ ఇల్లు ఉన్న చోట స్వయంగా పేరు వ్రాసుకున్నారు. భూమి తిరిగి కోరే వారి పోరాటానికి ఆ మ్యూజియం అండగా నిలిచింది. అక్కడ సందర్శకుడు చూసి పోయేవాడు కాదు, సాక్ష్యం చెప్పేవాడు.

ఈ మైదానపు గాయాలు

ఈ దృష్టితో చూస్తే పత్తి, మిరప పండే ఈ మైదానంలో రెండువేల ఏళ్ళ నాటి రాళ్ళే కాక, నిన్నటి గాయాలు కూడా సాక్ష్యం కోరుతున్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హతులయ్యారు. మిగిలినవారు ఊరు వదలి చీరాలకు చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఊళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. చుండూరు మృతులను పాతిన చోటును వారి వాళ్ళు రక్తక్షేత్రమని పిలుచుకుంటూ జ్ఞాపకాన్ని నిలుపుకున్నారు. న్యాయస్థానంలో కేసు వీగిపోయినంత మాత్రాన మరణాలు జరగలేదని కాదు. అటువంటి చోట జ్ఞాపకాన్ని భద్రపరిచే బాధ్యత ఇంకా పెరుగుతుంది. ఆ భారం బాధితుల మీదనే వదిలివేయడం న్యాయం కాదు.

ముస్లింలు తమ ఇంటిలోనూ ఇదే పరీక్ష పెట్టుకోవలసి ఉంది. పత్తి పండే ఈ నేలలో దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికినవారు దూదేకుల ముస్లింలు. నూర్‌బాషాలన్న పేరు కూడా వారికుంది. యంత్రాలు వచ్చి వారి వృత్తిని మింగివేశాయి. అంతకంటే బాధ కలిగించే విషయమేమంటే, ఇంట తెలుగు మాట్లాడుతారనీ, ఉర్దూ రాదనీ, వృత్తి చిన్నదనీ సాటి ముస్లింలే వారిని తక్కువగా చూశారు. నమాజు వరుసలో భుజం కలిపి నిలిచినవారే పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి వెనుకంజ వేశారు. ఏదో ఒక రోజు దూది ఏకే విల్లును గాజుపెట్టెలో ఉంచి, కింద 'పాతకాలపు పనిముట్టు' అని వ్రాస్తే అది సగం సత్యమే అవుతుంది. ఆ విల్లు పట్టిన చేతికి దక్కని గౌరవం గురించి కూడా వ్రాసినప్పుడే అది పూర్తి సాక్ష్యం.

ఇందుకు పెద్ద భవనాలు అక్కరలేదు. మసీదు కమిటీల పెట్టెల్లో పాత పత్రాలున్నాయి. ఇళ్ళల్లో ముసలివారి జ్ఞాపకాలున్నాయి. అటకల మీద పనిముట్లున్నాయి. ఏది ఎక్కడిది, ఎవరిది, ఎలా చేరింది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు ఇప్పుడే వ్రాసిపెట్టుకోవచ్చు. అలా వ్రాసేటప్పుడు తమవారి పొరపాటు ఎదురైతే కలం ఆగరాదు. అమరావతిలో పలకలు రుద్దినవారు బొమ్మలను చెరపగలిగారు గాని, ఆ చెరిపిన సంగతిని చెరపలేకపోయారు. దానిని ఇతరులు వ్రాసిపెట్టారు. తమ తప్పును తామే ముందుగా చెప్పుకున్న సమాజానికి, ఇతరుల తప్పును గురించి అడిగే హక్కు మరింత బలపడుతుంది.