ఇంజన్ మార్చాలా, బాగుచేయాలా?

ఝరాసంగం నుంచి జహీరాబాదుకు వెళ్తున్న మోటారుసైకిల్ దారిలో ఒక్కసారిగా బిగుసుకుపోయి ఆగిందనుకోండి. కిక్ కొడితే కదలదు. “ఇంజన్ పోయింది, మార్చాల్సిందే” అని ఒకరంటారు. “బోరు కొట్టిస్తే చాలు” అని ఇంకొకరంటారు. పొలానికీ, మార్కెట్టుకూ అదొక్కటే వాహనమైన ఇంటికి ఈ నిర్ణయం చిన్నది కాదు గదా! ఎవరి మాట వినాలి? ముందు కొలిచి చూడాలి.

అసలు లోపల ఏం జరిగింది? 1994లో వచ్చిన స్ప్లెండర్ ఇంజన్‌ను తీసుకోండి. దాని సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిస్టన్ ఒకసారి కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పిస్టన్ 8,000 సార్లు కదులుతుంది. అంటే ఒక్క నిమిషంలో 396 మీటర్ల పరుగు! ఈ పరుగులో పిస్టన్, సిలిండర్ గోడ ఒరుసుకోకుండా కాపాడేది పలుచని నూనె పొర. నూనె తగ్గితే పొర తెగుతుంది. ఘర్షణ వల్ల వేడి పుడుతుంది. పిస్టన్ అల్యూమినియం లోహం. వేడికి అది ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే ఇనుప గోడకు పట్టేస్తుంది.

కొన్ని ఇంజన్లు బిగుసుకోవు, మెల్లగా అరిగిపోతాయి. గాలి ఫిల్టరు పాడైతే దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండర్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి. బలం తగ్గి, నీలిరంగు పొగ వస్తుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్ రంధ్రం దగ్గర పీడనం కొలిచి, కొద్దిగా నూనె పోసి మళ్ళీ కొలుస్తారు. పీడనం పెరిగితే రింగులో, సిలిండరో అరిగిందన్నమాట. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి.

ఇక నిర్ణయానికి వద్దాం. గోడ మీద గీతలు మాత్రమే పడితే సిలిండర్‌ను కాస్త వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. ఇదే బోరు కొట్టడం. సాధారణంగా ఈ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1 మిల్లీమీటరు ఎక్కువ వ్యాసంతో దొరుకుతాయి. అంతకు మించి అరిగితే సిలిండర్, పిస్టన్ కలిపి మార్చాలి. అప్పటికీ మొత్తం ఇంజన్ మార్చనక్కరలేదు. క్రాంకు, కనెక్టింగ్ రాడ్, బేరింగులు కూడా పోయి, బయటి కేసు పగిలితేనే ఆ ఆలోచన చేయాలి. కేసు మీద ఇంజన్ నంబరు ఉంటుంది. అది మారితే రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి. బిల్లు లేని పాత ఇంజన్ కొనకూడదు.

ఖర్చును కిలోమీటర్లతో భాగించి చూడండి. ఉదాహరణకు 6,000 రూపాయల మరమ్మతు 30,000 కిలోమీటర్లు నడిపిస్తే కిలోమీటరుకు 20 పైసలు. 12,000 రూపాయల పాత ఇంజన్ 40,000 కిలోమీటర్లు నడిస్తే 30 పైసలు. పైగా పాత ఇంజన్ లోపల ఎంత అరిగిందో విప్పి కొలిస్తేగాని తెలియదు!

మీకో లెక్క. పైన చెప్పిన వ్యాసం, దూరాలతో స్ప్లెండర్ సిలిండర్ ఘనపరిమాణం కట్టండి. 97.2 ఘన సెంటీమీటర్లు రావాలి. వ్యాసం 1 మిల్లీమీటరు పెరిగితే ఎంత అవుతుంది?