కనుచాటు కొలువు

యజమాని కంటియెదుట జరుగు పని యొకటి. కనుచాటున జరుగు పని యొకటి. మొదటిదానికి చూపు చాలును. రెండవదానికి నమ్మకము కావలెను. దూరముననుండి కొలువు చేయువానిని ఎంతవరకు నమ్మవలెను, ఎంతవరకు కనిపెట్టవలెను అను ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు, రాజ్యములతోడనే పుట్టినది. ఉద్యోగులు రాజధనము నపహరించు మార్గములను అర్థశాస్త్రము రెండవ అధికరణమున కౌటిల్యుడు నలువదింటిని లెక్కించినాడు.

ఆంధ్రదేశముతో సంబంధముగల నిదర్శనమొకటి కలదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినది. లండనులోని యజమానులకును ఇచ్చటి ఉద్యోగులకును నడుమ మహాసముద్రము. ఉత్తరము చేరుటకు నెలలు పట్టెడిది. బదులు వచ్చుసరికి సంవత్సరము దాటెడిది. కావున కంపెనీ ఉద్యోగులచేత జామీనుపత్రములు వ్రాయించుకొన్నది. సభల చర్చలకును, లెక్కలకును నకళ్లు తీయించి ఓడలపై తెప్పించుకొన్నది. కాగితములు గుట్టలు పడినవి గాని ఉద్యోగుల సొంత వ్యాపారము ఆగలేదు. జీతము స్వల్పము, ఆశ అధికము. మద్రాసు గవర్నరు ఎలీహూ యేల్ సైతము స్వలాభము చూచుకొన్నాడను ఆరోపణల నడుమ 1692లో పదవి కోల్పోయినాడు. 1786లో గవర్నరు జనరలుగా వచ్చిన కారన్‌వాలిస్ జీతములు పెంచి, సొంత వ్యాపారమును నిషేధించిన పిమ్మటగాని స్థితి చక్కబడ నారంభింపలేదు. అయితే ఆ నమ్మకమునకును హద్దు గీయబడినది: భారతీయులను ఉన్నతోద్యోగములకు దూరముచేసినవాడును ఆయనయే.

ఇక నేటి సంగతి. 2020 మార్చిలో దేశమంతటను లాక్‌డౌన్ వచ్చినది. హైదరాబాదున మాదాపూరు, గచ్చిబౌలి మేడలు ఖాళీ యైనవి. పల్లెటూరి వసారాలు కార్యాలయము లైనవి. లోకమున పెక్కు సంస్థలు సాఫ్ట్‌వేరునే కావలివానిగా నియమించినవి. కీబోర్డుపై వ్రేళ్లెన్నిమారులు పడినవో, మౌసు ఎంతసేపు కదలినదో అది లెక్కించును. తెరపై నున్నదానిని మాటిమాటికి చిత్రము తీయును. విరుగుడుగా, మౌసును దానంతట కదలించు చిన్న యంత్రము బజారునకు వచ్చినది! కదలికను కొలిచినచో కదలికయే లభించును, పని లభింపదు. ఆ దినములలో ఆన్‌లైన్ పాఠములు చెప్పిన ఉపాధ్యాయులకు ఇది అనుభవమే. కెమెరా యెదుట కూర్చున్న ముఖము కనబడును గాని, మనస్సు పాఠముపై నున్నదో లేదో కనబడదు గదా!

మైక్రోసాఫ్ట్ సంస్థ 2022లో ప్రకటించిన సర్వేలో ఉద్యోగులు నూటికి 87 మంది తాము చక్కగా పనిచేయుచున్నామనిరి. పై అధికారులు నూటికి 85 మంది, కొంత ఇంట, కొంత కార్యాలయమున సాగు ఈ పద్ధతిలో ఆ నమ్మకము కలుగుట కష్టమనిరి. అంతకుముందు 2020లో ఆ సంస్థయే, ఉద్యోగుల పనితీరును పేర్లతో సహా చూపు సాధనమొకటి విడుదల చేసి, విమర్శలు చెలరేగగా పేర్లను తొలగించినది. 2022లో నెదర్లాండ్సు న్యాయస్థానమొకటి, దినమంతయు కెమెరా తెరచియుంచుటకు అంగీకరింపని ఉద్యోగిని తొలగించుట చెల్లదనియు, ఆ యాజ్ఞ వ్యక్తిగత జీవితమును గౌరవించు హక్కునకు విరుద్ధమనియు తీర్పు చెప్పినది.

అట్లయిన భద్రత అక్కరలేదా? తప్పక కావలెను. ఖాతాదారుల ధనవివరములును, రోగుల చరిత్రలును ఇంటి బల్లపై తెరువబడుచున్నవి. సంకేతపదముతోబాటు ఫోనుకు వచ్చు రెండవ సంకేతము, సమాచారమును గూఢలిపిలో నుంచుట, ఎవరి పనికి అవసరమైనంత మేరకే వారికి ప్రవేశ మిచ్చుట, పోయిన యంత్రములోని వివరములను దూరమునుండియే చెరిపివేయుట: ఇవన్నియు తాళములు. పదవ తరగతి ప్రశ్నపత్రములను ముద్రవేసి పోలీసు స్టేషనులో భద్రపరతురు. అందుకు ఏ ప్రధానోపాధ్యాయుడును చిన్నబుచ్చుకొనడు. తాళము వస్తువును కాచును, మనిషిని శంకింపదు. చాటుగా తెరను తొంగిచూచుట మనిషినే శంకించుట. ఈ రెంటికిని భేదము తెలియకపోవుటయే నేటి చిక్కులకు మూలము.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సంస్థను నష్టమునుండి కాపాడుకొనుటకై ఉద్యోగుల సమాచారమును వినియోగించుకొన యజమానులకు కొంత వెసులుబాటు నిచ్చినది. చట్టము అనుమతించినదెల్ల ఉచితము కాజాలదు. ఇల్లు కార్యాలయమైనను ఇల్లే. అచ్చట వృద్ధులైన తల్లిదండ్రులుందురు, చదువుకొను పిల్లలుందురు. కెమెరా కంటికి వారును చిక్కుదురు. వారు ఏ సంస్థకును కొలువు వ్రాసియిచ్చినవారు కారు.

కావున దేనిని చూచుచున్నారో, ఎందులకు చూచుచున్నారో యజమాని ముందుగా తెలుపవలెను. గంటలను గాక, ముగించిన పనిని కొలువవలెను. కొలువు వేళ ముగిసిన పిమ్మట చూపు మరల్చుకొనవలెను. ఉద్యోగియు తన వంతుగా తాళములను నిర్లక్ష్యము చేయక, చెప్పిన గడువునకు పని నప్పగింపవలెను. పరీక్షాధికారి ప్రక్కన నిలిచినంతసేపే నిజాయితీగా వ్రాయు విద్యార్థిని చూచి ఏ గురువును సంతోషింపడు. రేపు కనుచాటు కొలువులు చేయబోవువారు నేడు తరగతి గదులలోనే ఉన్నారు. వారిని నమ్మదగినవారిగా తీర్చుట గురువుల పని. నమ్ముట నేర్చుకొనుట యజమానుల పని.