గోనెపట్టపై ఉన్ని తివాచీ: ఇంటి అద్దకంలో వర్ణస్థిరత్వం

నార వాణిజ్యంలో గోగునారకు ‘బిమ్లి జూట్’ అనే పేరు ఉంది. విశాఖపట్నానికి ఉత్తరాన ఉన్న భీమునిపట్నం రేవును బట్టి ఏర్పడిన పేరది. ఉత్తరాంధ్ర మెట్ట భూములలో పండిన గోగు ఈ ప్రాంతపు మిల్లులకు ముడిసరుకైంది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం జనుము, గోగు వంటి నార పంటలపై పరిశోధనలు సాగిస్తున్నది. అయినా గోనెపట్ట అనగానే ధాన్యపు బస్తా తప్ప మరొక వస్తువు మన ఆలోచనకు రాదు.

ఉత్తర అమెరికా ఈశాన్య తీరంలో పరిస్థితి వేరుగా ఉండేది. పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో జనపనార గోనెలు చౌకగా లభించసాగాక, న్యూ ఇంగ్లండ్, నోవా స్కోషియా, న్యూఫౌండ్‌లాండ్ ప్రాంతాల మత్స్యకారుల, రైతుల ఇళ్లలో స్త్రీలు ఖాళీ గోనెను విప్పి చట్రానికి బిగించి, చిన్న కొక్కెంతో పాత ఉన్ని గుడ్డ పేలికలను ఆ పట్ట రంధ్రాల గుండా ఉచ్చులుగా పైకి లాగి తివాచీలు చేసేవారు. మగ్గం అవసరం లేదు, ముడి అవసరం లేదు. ఒత్తుగా లాగిన ఉచ్చులు ఒకదానినొకటి ఒరుసుకొని నిలుస్తాయి. పట్ట నార తడికి కొంత ఉబ్బి వాటిని మరింత బిగిస్తుంది. ఏలూరు తివాచీ మగ్గంపై ముడివేసి నేసేది కాగా, ఇది చట్రంపై లాగి నింపేది. రెండింటికీ ఉన్ని ఒక్కటే, రంగు సమస్య కూడా ఒక్కటే.

గృహవిజ్ఞాన విభాగాల ద్వారా మహిళా సంఘాలకు ఇటువంటి పనిని పరిచయం చేయదలచిన విస్తరణ శాస్త్రవేత్తలు సాధారణంగా అల్లికపైనే శ్రద్ధ చూపుతారు. అల్లిక రెండు మూడు రోజులలో పట్టుబడుతుంది. తప్పుగా లాగిన ఉచ్చును తిరిగి తీయవచ్చు. కొనుగోలుదారు ఇంట్లో ఆరు నెలలకు వెలిసిపోయిన రంగును మాత్రం ఎవరూ తిరిగి తీసుకురాలేరు. అందువల్ల ఈ వ్యాసం ప్రధానంగా అద్దకానికి, అందులోనూ ఏ మొక్క రంగును ఎంచుకోవాలన్న ప్రశ్నకు పరిమితమైనది.

దీనికి తెలుగునాట చారిత్రక సాక్ష్యం ఉంది. జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ హస్తకళలపై రాసిన గ్రంథంలో మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైనవనీ, దిగుమతిదారులు చౌక సరుకుకై పట్టుబట్టడం వల్ల వాటి నాణ్యత చెడిందనీ విచారించాడు. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ తొలి కృత్రిమ రంగును కనుగొన్న తరువాతి దశాబ్దాలలో ఆసియా తివాచీ కేంద్రాలన్నిటినీ కుదిపినవి తొలితరం అనిలీన్ రంగులు. అవి కొట్టవచ్చినట్లు మెరిసి, త్వరలోనే వెలిసేవి. నేటి కృత్రిమ రంగులు వాటి వంటివి కావు. వెలుతురుకు ఎంతో నిలకడ గలవి ఉన్నాయి. కనుక ‘సహజం’ అన్న ఒక్క మాటతో మొక్కల రంగు మేలైనదని ప్రచారం చేయడం శాస్త్రీయం కాదు. మొక్కల రంగులలోనూ గట్టివి, కచ్చావి రెండూ ఉన్నాయి.

ఉన్ని ఎక్కడిది?

కోస్తా జిల్లాలలో కనిపించే నెల్లూరు జాతి గొర్రె వెంట్రుకల గొర్రె. దాని నుంచి పనికివచ్చే ఉన్ని రాదు. కాబట్టి విశాఖపట్నంలో ఈ పని చేసేవారికి ఉన్ని బయటినుంచి రావలసిందే. బికనేర్ మార్కెట్‌కు వచ్చే రాజస్థాన్ తివాచీ ఉన్ని ఒక మార్గం. తెలంగాణ, అనంతపురం ప్రాంతాలలో కురుమ, కురుబ కులస్థులు గొంగళ్లకు వాడే దక్కనీ గొర్రె ఉన్ని మరొకటి. దక్కనీ ఉన్ని పోగు మందం సుమారు 50 మైక్రాన్లు. మెరినో పోగుకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ. ఒంటికి గరుకైన ఈ ఉన్ని దుస్తులకు పనికిరాదని తక్కువ ధర పలుకుతుంది. పాదాల కింద పరిచే వస్తువుకు ఆ గరుకుదనమే బలం. పైగా అది ఎక్కువగా నలుపు. నల్లని ఉన్నికి రంగు ఎక్కదు నిజమే, కాని నలుపు గీతలకు, అంచులకు రంగే అవసరం లేదు. అన్నభేదితో సాధించే నలుపు కాలక్రమంలో ఉన్ని పోగును పెళుసుగా మారుస్తుంది. పుట్టుకతో నల్లనైన పోగుకు ఆ ప్రమాదం లేదు. డిజైన్‌లో నలుపు భాగాలన్నీ దక్కనీ ఉన్నికి, రంగు భాగాలు తెల్ల ఉన్నికి వదిలివేయడం మంచి ఏర్పాటు.

అల్లే వైశాల్యానికి నాలుగైదు రెట్ల ఉన్ని గుడ్డ అవసరమవుతుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు గల పట్టకు 24 నుంచి 30 చదరపు అడుగుల గుడ్డను ముందే లెక్కించి, నేపథ్యపు రంగునంతా ఒకే కాగులో అద్దాలి. రెండో కాగు ఎన్నటికీ మొదటిదానితో సరిపోలదు.

ఉన్నిని సిద్ధం చేయడం

ఉన్ని కెరటిన్ అనే ప్రోటీన్. ప్రోటీన్ కాబట్టి ఆమ్లానికి ఓర్చుకుంటుంది, క్షారానికి దెబ్బతింటుంది. నూలు గుడ్డకు అలవాటైన చాకలిసోడాను ఉన్నికి వాడితే పోగు పసుపుబారి బలహీనపడుతుంది. ఇక్కడ కుంకుడుకాయ చక్కగా ఉపకరిస్తుంది. దాని నురుగు స్వల్ప ఆమ్లగుణం కలది. కుంకుడు, చింతపండు, కరక్కాయ మూడూ విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ సేకరించే అటవీ ఫలసాయాలే. ముడి ఉన్నిపై ఉండే మైనం సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక కడిగే నీరు 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. మైనం మిగిలిన చోట రంగు మచ్చలుగా దిగుతుంది.

ఉన్ని పోగుపై చేప పొలుసుల వంటి పొర ఉంటుంది. వేడి నీటిలో గట్టిగా పిసికినా, వేడి నుంచి ఒక్కసారిగా చల్లని నీటిలో వేసినా ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని గుడ్డ ముద్దకడుతుంది. వేడి నెమ్మదిగా పెంచడం, నెమ్మదిగా దించడం, కలపకుండా కేవలం ఎత్తి దింపడం వల్ల ఇది జరగదు.

తూకం విషయంలో సముద్రతీరానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఉన్ని గాలిలోని తేమను తన బరువులో 30 శాతం వరకు పీల్చుకొని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. అద్దకపు కొలతలన్నీ ఉన్ని బరువుపై శాతాలుగా చెప్పినవే. ఆగస్టులో విశాఖలో తూచిన కిలో ఉన్నికి, ఏప్రిల్‌లో అనంతపురంలో తూచిన కిలో ఉన్నికి పొడి పదార్థం ఒకటి కాదు. గింజ తేమ సవరణ తెలిసిన వ్యవసాయ విద్యార్థికి ఇది కొత్త విషయం కాకపోయినా, అద్దకపు కరపత్రాలలో అరుదుగా కనిపిస్తుంది. ఒకే గదిలో ఒకే రోజు ఆరిన ఉన్నిని తూచడం సులభమైన పరిష్కారం.

పటిక పట్టు

చాలా మొక్కల రంగులు ఉన్నికి తమంతట తాము గట్టిగా అంటవు. లోహపు లవణం మధ్యవర్తిగా నిలిచి ఒకవైపు పోగును, మరోవైపు రంగు అణువును పట్టుకుంటుంది. దీనినే మోర్డెంట్ అంటారు. ఇంటి అద్దకానికి పటికే సురక్షితం. కిలో ఉన్నికి 120 గ్రాముల పటిక, 60 గ్రాముల క్రీమ్ ఆఫ్ టార్టార్‌ను 25 లీటర్ల నీటిలో కరిగించి, తడిపిన ఉన్నిని వేసి, గంటసేపట్లో 85 డిగ్రీలకు తెచ్చి, మరో గంట అదే వేడిలో ఉంచి, రాత్రంతా ఆ నీటిలోనే చల్లారనివ్వాలి. పటిక ఎక్కువైతే రంగు పెరగదు. ఉన్ని జిగటగా మారుతుంది. పాత పుస్తకాలలో కనిపించే పొటాషియం డైక్రోమేట్‌ను ఇళ్లలో వాడమని ఏ పరిస్థితిలోనూ సూచించరాదు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం.

పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి. ఇనుప బకెట్, తుప్పు పట్టిన గొట్టం నుంచి వచ్చే నీరు పసుపు రంగులను మట్టిరంగుగా మారుస్తాయి. తీరప్రాంతపు బోరు నీటి కాఠిన్యం లక్క ఎరుపును మసకబరుస్తుంది. నిల్వచేసిన వాన నీరు అన్నిటికంటే మేలు.

ఏ రంగు నిలుస్తుంది?

విశాఖ మన్యంతో పరిచయమున్నవారికి మొదట తోచేది జాఫ్రా. ఏజెన్సీ గ్రామాలలో విరివిగా పెరిగే ఈ పంట గింజ పైపొరలోని బిక్సిన్ ఆహారపు రంగుగా మంచి ధర పలుకుతుంది. నీటిలో కొద్ది క్షారంతో కరిగించిన జాఫ్రా ఉన్నిని ఎంతో ఆకర్షణీయమైన నారింజ రంగుకు తెస్తుంది. శిక్షణ శిబిరంలో చూపరులను మెప్పించేది ఇదే. కాని బిక్సిన్ కెరటినాయిడ్. వెలుతురుకు, గాలికి విచ్ఛిన్నమయ్యే స్వభావం కలది. కిటికీ ఎదుట పరిచిన తివాచీలో అది నిలవదు. పసుపు కొమ్ము రంగు అంతకంటే కచ్చా. స్థానికంగా పుష్కలంగా దొరుకుతుందన్న కారణంతో ఈ రెంటినీ తివాచీకి సిఫారసు చేయడం రైతుకూ మేలు చేయదు, అల్లినవారికీ మేలు చేయదు. జాఫ్రాకు స్థిరమైన మార్కెట్ వెన్న, చీజ్ పరిశ్రమలలో ఉంది. అక్కడే ఉండనివ్వడం మంచిది.

వర్ణస్థిరత్వానికి అంతర్జాతీయంగా వాడే కొలబద్ద కూడా ఉన్నిదే కావడం విశేషం. నీలిరంగు అద్దిన ఎనిమిది ఉన్ని గుడ్డ పీలికలను నమూనాతోపాటు వెలుతురులో ఉంచి, ఏ పీలికతో సమానంగా వెలిసిందో చూసి 1 నుంచి 8 వరకు అంకె ఇస్తారు. ఒక్కొక్క మెట్టుకు వెలిసేందుకు పట్టే కాలం సుమారు రెట్టింపు అవుతుంది. పసుపు కొమ్ము రంగు 1, 2 మెట్లలోనే ఆగిపోతుంది.

ఎరుపుకు మంజిష్ఠ వేరు, లక్క నమ్మదగినవి. మంజిష్ఠలోని పర్‌ప్యూరిన్ పటికతో గట్టి బంధం ఏర్పరుస్తుంది. కిలో ఉన్నికి 600 గ్రాముల వేరు పొడిని రాత్రి నానబెట్టి, మరునాడు వేడిని 75 డిగ్రీలు దాటనివ్వకుండా అద్దితే ఇటుక ఎరుపు వస్తుంది; మిగిలిన నీటిలో రెండోసారి అద్దితే గులాబి ఛాయ. కోస్తా ఇసుక నేలలలో పెరిగే చిరివేరులో ఉన్న అలిజరిన్ ఒకప్పుడు మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు ఆధారం. ఇసుక నేలల్లో ఎదిగే ఈ మొక్క సాగు పద్ధతులను విద్యార్థులు తమ పరిశోధన అంశంగా తీసుకోదగినది. వేరును తవ్వి తీయవలసిన పంట కనుక కూలి ఖర్చే దీని భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

లక్క విషయంలో ఒక భ్రమ తొలగాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలలో వాడేది లక్క జిగురు. ఆ జిగురుకు చెట్టు రంగులు కలిపి అంకుడు కర్రపై పూస్తారు; 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో సహజ రంగులను తిరిగి నిలిపిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఉన్నికి కావలసింది జిగురు కాదు, ముడి లక్కను కడిగినప్పుడు నీటిలోకి దిగే ఎర్రని లక్కాయిక్ ఆమ్లం. అంకుడు శాస్త్రీయ నామంలోని ‘టింక్టోరియా’ అన్న పదం కూడా అద్దకాన్నే సూచిస్తుంది. దాని ఆకుల నుంచి నీలిని పోలిన రంగు తీసేవారు.

నీలానికి నీలిమందుకు సాటి లేదు. దానికి పటిక అవసరం లేదు. తొట్టిలో ఆమ్లజని తొలగి లేత పసుపుపచ్చగా కరిగిన రంగు పోగులో దిగి, గాలి తగలగానే నీలంగా గడ్డకడుతుంది. నూలుకు వాడే గాఢ సున్నపు తొట్టి ఉన్నికి పనికిరాదు. క్షారం తక్కువగా, వేడి 50 డిగ్రీలకు మించకుండా చూడాలి. అద్దిన తరువాత చివరి జాడింపులో కొద్దిగా వెనిగర్ కలిపితే మిగిలిన క్షారం తొలగుతుంది. పసుపుకు కరక్కాయ, దానిమ్మ తొక్క మేలు. వీటి రంగు మెరుపులేనిది, నిజమే. మెరిసే పసుపు కావాలంటే బంతిపూలను ఎంచుకొని, ఆ భాగం మోస్తరుగా వెలుస్తుందని కొనేవారికి ముందే చెప్పడం న్యాయం. కరక్కాయ అద్దిన ఉన్నిని నీలి తొట్టిలో ముంచితే నిలకడైన ఆకుపచ్చ వస్తుంది.

వాడిన పటిక నీటిని పెరటి మొక్కలకు పోయమనే సలహా తరచుగా వినిపిస్తుంది. ఏజెన్సీ ఎర్రనేలల్లో ఆమ్లత్వం ఉన్నచోట కరిగిన అల్యూమినియం వేళ్లకు హానికరమన్నది నేలల శాస్త్రంలో ప్రాథమిక పాఠం. ఆ నీటికి సున్నం కలిపితే అల్యూమినియం తెల్లని మడ్డిగా అడుగుకు చేరుతుంది; పైనీటిని పారబోయవచ్చు. అదే పటిక నీటిలో మరికొంత పటిక చేర్చి తరువాతి విడత ఉన్నికి వాడుకోవడం ఇంకా మంచిది.

నీలి ఉన్ని పీలికలు అందుబాటులో లేని శిక్షణ కేంద్రంలో కూడా పరీక్ష సాధ్యమే. అద్దిన ప్రతి నూలు నుంచి నాలుగు అంగుళాల ముక్కను అట్టపై అతికించి, సగభాగాన్ని నల్ల కాగితంతో కప్పి, దక్షిణపు కిటికీలో ఉంచాలి. పక్కనే పసుపు కొమ్ముతో అద్దిన ముక్క ఒకటి, నీలిమందుతో అద్దినది ఒకటి పోలికకు ఉండాలి. వారానికొకసారి కాగితం ఎత్తి చూసి తేదీ రాయాలి. పసుపు ముక్క మొదటి వారాలలోనే తేడా చూపుతుంది. నెల రోజులకు కప్పిన భాగానికీ కప్పని భాగానికీ మధ్య గీత స్పష్టంగా కనిపించిన రంగును తివాచీ కాగులోకి రానివ్వకూడదు. దానిని గోడకు వేలాడే చిన్న వస్తువులకో, పండుగ అలంకరణకో కేటాయించవచ్చు.