శిశువుకు నూనె మర్దన

భాష మారినా, భోజనం మారినా, మన దేశంలో బాలింత ఇంట కానవచ్చే దృశ్యం ఒకటుంది. పీటపై కూర్చున్న పెద్దముత్తైదువ కాళ్లు బారచాపి, పసికందును వాటిపై పడుకోబెట్టి, ఒళ్లంతా నూనె అంటుతుంది. తెలుగునాట నువ్వులనూనె, కేరళలో కొబ్బరినూనె, వంగ, బీహారు ప్రాంతాలలో ఆవనూనె. ఫ్రెంచి వైద్యుడు ఫ్రెడెరిక్ లెబోయే కలకత్తాలో ఒక తల్లి బిడ్డను మర్దించే తీరుకు ముగ్ధుడై, 1976లో ఆమె పేరనే 'శాంతల' అనే గ్రంథం వెలువరించాడు. పాశ్చాత్య దేశాలలో ఎందరో తల్లులకు అది పాఠ్యపుస్తకమైంది.

ఈ ఆచారంలో నిజమైన లాభమెంత? 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం ఒక పరిశోధన ప్రకటించింది. నెలలు నిండక పుట్టిన శిశువులకు పదిరోజులపాటు, రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు ఒళ్లు నిమిరి, కాళ్లుచేతులు మెల్లగా ఆడించారు. ఆ శిశువులు తక్కినవారికంటె రోజుకు సగటున 47 శాతం అధికంగా బరువు పెరిగారు. వారు తాగిన పాలు మాత్రం ఎక్కువేమీ కావు! పరీక్షించినది 40 మందినే కనుక ఆ అంకెను అందరికీ వర్తింపజేయరాదు. అయినా స్పర్శ బిడ్డకు మేలు చేస్తుందనడానికి అది గట్టి ఆధారమే.

నూనె సంగతి వేరు. నెలలు నిండని శిశువు చర్మం మిక్కిలి పలుచన. ఒంటిలోని నీరు, వేడిమి దానిగుండా త్వరగా పోతాయి. రోగక్రిములు సులువుగా చొరబడతాయి. ఢాకా శిశు ఆసుపత్రిలో ఇటువంటి పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాయగా, ఆసుపత్రిలో సోకే అంటురోగాలు 41 శాతం తగ్గినట్లు 2005లో వెల్లడైంది. ఆవనూనె విషయంలో ఫలితం వేరుగా ఉంది: ఎలుకలపై జరిపిన పరీక్షలలో అది చర్మపు రక్షణపొరకు హాని చేసింది. తరతరాలుగా వాడుతున్నామన్నంత మాత్రాన ప్రతి నూనె పసిచర్మానికి సరిపడుతుందని భావించరాదు.

చేతి బరువూ ముఖ్యమే. ఎముకలు గట్టిపడాలని గట్టిగా పిసకడం, ముక్కు నిలువుగా రావాలని నొక్కడం నిష్ప్రయోజనం. ముక్కులో నూనెచుక్క వేయడం ప్రమాదకరం. అది ఊపిరితిత్తులలోనికి జారితే న్యుమోనియా రావచ్చు. పుట్టిన వెంటనే నలుగుపెట్టి స్నానం చేయించడమూ తగదు, కనీసం 24 గంటలు ఆగాలి. ఆ తరువాతైనా గాలి వీచని వెచ్చని గదిలో, పాలు తాగిన కొంతసేపటికి, అరచేతిలో నూనె గోరువెచ్చగా రుద్దుకొని మృదువుగా నిమరాలి. చర్మం కందినా, పొక్కులు లేచినా నూనె మాని వైద్యునికి చూపాలి.