రేడియేటర్‌లో ఎర్రనీళ్లు: పాత కారు చెప్పే తుప్పు కథ

వేసవిలో రాయ్‌పూర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. అలాంటి ఒక మధ్యాహ్నం తెలీబంధా చెరువు పక్కన, జీఈ రోడ్డు ట్రాఫిక్‌లో ఒక పాత అంబాసిడర్ ఆగిపోయిందనుకుందాం. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీస్తే, లోపలి నీళ్లు ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. "రేడియేటర్ తుప్పు పట్టింది, తీసేసి కొత్తది వేయించండి" అని చుట్టూ చేరినవారు చెబుతారు. ఆ మాట వింటే అసలు రేడియేటర్ పోతుంది. పైగా కొత్తదానిలోనూ కొన్నాళ్లకే నీళ్లు ఎర్రబడతాయి. ఎందుకంటే తుప్పు పుట్టింది రేడియేటర్‌లో కాదు.

రాగికి చిలుము, ఇనుముకు తుప్పు

మన ఇళ్లలో రాగి చెంబుకు, ఇత్తడి బిందెకు పట్టేదాన్ని చిలుము అంటాం, తుప్పు అనం. ఈ తేడా రసాయనశాస్త్రంలోనూ నిజమే. ఎర్రటి తుప్పు అంటే నీటితో కలిసిన ఐరన్ ఆక్సైడ్. ఇనుము లేనిచోట అది పుట్టదు. ఆనాటి కార్ల రేడియేటర్లు ఎక్కువగా రాగి, ఇత్తడితో చేసినవే. పైన, కింద ఇత్తడి ట్యాంకులు, వాటి మధ్య సన్నని గొట్టాలు, గొట్టాలను అంటిపెట్టుకుని రాగి రేకులు ఉంటాయి. వీటన్నిటినీ సీసం, తగరం కలిపిన టంకంతో అతికించేవారు.

మరి ఇనుము ఎక్కడుంది? ఇంజిన్‌లో. 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ల దిమ్మ పోత ఇనుముతో చేసినది. దాని లోపలి దారుల్లో తిరిగే నీరు ఇనుమును కొద్దికొద్దిగా తినేసి, ఆ తుప్పును మోసుకొచ్చి రేడియేటర్ సన్నని గొట్టాల్లో వదిలేస్తుంది. అంటే రేడియేటర్ ఇక్కడ నేరస్థలం కాదు, చెత్త చేరే చోటు మాత్రమే.

రోజూ పోసే నీళ్లే మేత

ఇనుము తుప్పు పట్టడానికి నీటితోపాటు ఆక్సిజన్ కావాలి. ఒకసారి నింపి గట్టిగా మూసిన వ్యవస్థలో నీటిలో కరిగిన ఆక్సిజన్ కొంతకాలానికి ఖర్చయిపోతుంది, తుప్పు వేగం తగ్గుతుంది. కానీ ఎక్కడో చిన్న కారుడు ఉండి, రోజూ అర లీటరు కుళాయి నీళ్లు పోస్తుంటే, తుప్పుకు రోజూ కొత్త మేత వేసినట్టే.

దీనికి రాయ్‌పూర్ నేల మరో చిక్కు కలుపుతుంది. ఛత్తీస్‌గఢ్ మైదానం కింద సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో సిమెంట్ కర్మాగారాలు వెలిసింది అందుకే. పల్నాడు, తాడిపత్రి, తాండూరు వాసులకు ఇలాంటి నేల కొత్త కాదు. సున్నపురాయి గుండా వచ్చిన బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడిచేస్తే అది కాల్షియం కార్బొనేట్‌గా మారి, గీజర్ కడ్డీ మీద పట్టినట్టే, తెల్లటి గట్టి పొరగా పేరుకుంటుంది. ఉష్ణాన్ని మోయడంలో ఈ పొర సామర్థ్యం రాగిలో నూరో వంతు కూడా ఉండదు. పైన రాగి రేకులు ఎంత మెరుస్తున్నా, లోపల ఈ పొర ఉంటే వేడి బయటికి రాదు.

శుభ్రం చేయడం ఎలా?

ఇత్తడి పాత్రలను చింతపండుతో, నిమ్మకాయతో తోమడం వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం సున్నపు పొరను కరిగిస్తుంది. ఇనుము అయాన్లను పట్టి ఉంచి తుప్పునూ కరిగిస్తుంది. రేడియేటర్‌ను కారు నుంచి విప్పి, ముందుగా కింది గొట్టం నుంచి పైకి, అంటే మామూలుగా నీరు ప్రవహించే దిశకు ఎదురుగా, తక్కువ ఒత్తిడితో నీళ్లు పంపాలి. వదులుగా ఉన్న మడ్డి బయటికొస్తుంది. తర్వాత లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి నింపాలి. సున్నం కరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి కాబట్టి మూత బిగించకూడదు. కొన్ని గంటల తర్వాత వంపేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. రోజుల తరబడి వదిలేస్తే ఈ ఆమ్లం కూడా టంకాన్ని తినడం మొదలుపెడుతుంది.

మరుగుదొడ్లు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ త్వరగా పనిచేస్తుంది, కానీ ఇత్తడిలోని జింకునూ టంకాన్నీ వదలదు. అరవై ఏళ్ల గొట్టాలు జల్లెడైపోవచ్చు. అమోనియా ఉన్న ద్రావణాలూ వద్దు. బ్రిటిష్ పాలనలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా గుళ్లు వర్షాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియాయే కారణమని 1921లో బ్రిటన్ పరిశోధకులు వివరించారు. వంచి, నొక్కి తయారుచేసిన ఇత్తడి అమోనియా తగిలితే బీటలు వారుతుంది.

రేడియేటర్ ఒక్కదాన్నే కడిగితే సగం పనే అయినట్టు. ఇంజిన్ దిమ్మకు ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి, అడుగున పేరుకున్న మడ్డినీ కడిగేయాలి. లేకపోతే అది మళ్లీ రేడియేటర్‌కే చేరుతుంది.

మళ్లీ ఏం నింపాలి?

"ఇక్కడ మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మనకు కావలసింది గడ్డకట్టకుండా ఆపే గుణం కాదు, అందులోని తుప్పు నిరోధకాలు. ఇవి లోహం మీద కంటికి కనిపించని రక్షణ పొరను ఏర్పరుస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో, పాత రాగి, ఇత్తడి, టంకం ఉన్న ఇంజిన్లకు తగిన కూలెంట్‌ను, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపాలి.

మూత విషయంలోనూ జాగ్రత్త అవసరం. మూత వల్ల లోపల అర బార్ అదనపు ఒత్తిడి ఉంటే నీరు సుమారు 111 డిగ్రీల దగ్గర గానీ మరగదు. అయితే అంతకంటే ఎక్కువ ఒత్తిడి మూత పెడితే పాత అతుకులు విచ్చుకుంటాయి. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, నీరు ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

పారబోసే ముందు

పాత కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు తాగి చనిపోతాయి, పిల్లలకూ ప్రమాదమే. పాత టంకం నుంచి వచ్చిన సీసం కూడా అందులో ఉండవచ్చు. దాన్ని వాననీటి కాలువలో పోస్తే చివరికి చేరేది చెరువుకే. డబ్బాలో పట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునేవారికి ఇవ్వాలి. టంకం కరిగించి అతుకు వేసే మెకానిక్‌లు గాలి ఆడే చోట పనిచేయాలి. చేతులు కడుక్కోకుండా తినకూడదు.

2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని వాహనాలకు 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. అలాంటి కారులో తొలినాటి రేడియేటర్‌ను నిలుపుకోవడం యజమానికి గర్వకారణమే. పని సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నెల తర్వాత, చల్లని ఇంజిన్ మీద మూత తీసి ఒక గాజు గ్లాసులో కొంచెం పట్టి చూడండి. కూలెంట్ దాని రంగులోనే తేటగా ఉంటే సరే. మళ్లీ ఎర్రబడితే, రేడియేటర్‌ను నిందించకుండా, గాలి ఎక్కడి నుంచి చొరబడుతోందో, నీరు ఎక్కడ కారుతోందో వెతకండి.